మీ ప్రశ్నలు – జవాబులు: కొండ కింద జరిగే పని

కిందటి సంచికలో ఇటలీ జాతీయ అణుభౌతిక సంస్థ గురించి నాలుగు మాటలు రాశాను. పేరు పొడుగు కాబట్టి అందరూ ఐఎన్‌ఎఫ్‌ఎన్ అంటారు. దానిమీద చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్నిట్లో భయం ఉంది, కొన్నిట్లో కోపం ఉంది, కొన్నిట్లో నన్ను మళ్ళీ పుస్తకాలు తిరగేయించిన మంచి సందేహాలు ఉన్నాయి. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగినచోట ఒకదాన్నే తీసుకున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి ఇటలీలో పీహెచ్‌డీ సీటు వచ్చింది, పని ఆ సంస్థ ల్యాబులోనే అట. "అణు" అనే మాట వింటేనే నాకు టెన్షన్. అక్కడ బాంబులు చేస్తారా, కరెంటు చేస్తారా? పిల్లవాడికి రేడియేషన్ తగలదు కదా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, బాంబులూ లేవు, కరెంటూ లేదు. రోమ్, పాదువా, తూరిన్, మిలాన్ విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర బృందాలు కలిసి 1951 ఆగస్టు 8న పెట్టుకున్న పరిశోధన సంస్థ అది. పదార్థం దేనితో తయారైంది, సూర్యుడు ఎలా మండుతున్నాడు, విశ్వంలో మనకు కనపడనిది ఏముంది, ఇలాంటివి వాళ్ళ ప్రశ్నలు. అణువిద్యుత్తు విషయానికొస్తే, 1987లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగాక ఇటలీ తన అణువిద్యుత్ కేంద్రాలన్నీ మూసేసింది, 2011లో అడిగితే ప్రజలు మళ్ళీ వద్దన్నారు. అయినా ఈ సంస్థలో ఒక్క ప్రయోగం కూడా దానివల్ల ఆగలేదు. రెండూ వేర్వేరు పనులు కాబట్టే ఆగలేదు.

ఏ ల్యాబో మీరు రాయలేదు. సంస్థకు పెద్ద ల్యాబులు నాలుగున్నాయి: రోమ్ దగ్గర ఫ్రస్కాటి, పాదువా దగ్గర లెన్యారో, సిసిలీలో కటానియా, లాక్విలా దగ్గర కొండ కింద గ్రాన్ సాసో. మొదటి మూడింట్లో యాక్సిలరేటర్లు నడుస్తాయి, అంటే కణాలను వేగంగా పరిగెత్తించే యంత్రాలు. యంత్రం నడుస్తున్నంతసేపూ ఆ గదిలోకి మనుషులు వెళ్ళరు. తలుపు తెరిస్తే కణాల ధార దానంతటదే ఆగిపోయేలా ఏర్పాటు ఉంటుంది. అలాంటి చోట పనిచేసేవాళ్ళు ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే చిన్న బిళ్ళ ఒకటి పెట్టుకుంటారు, దాని లెక్క రాసిపెడతారు. గ్రాన్ సాసో అయితే ఆకాశం నుంచి వచ్చే కిరణాలు మీ ఇంటి డాబా మీద కన్నా అక్కడే చాలా తక్కువ. రాళ్ళలోంచి రాడాన్ అనే వాయువు వస్తుంది, అందుకని బయటి గాలిని ఎప్పుడూ లోపలికి తోస్తూనే ఉంటారు.

అబ్బాయిని వెళ్ళనివ్వండి. భాష గురించి కూడా దిగులు పడకండి, లాక్విలాలోని గ్రాన్ సాసో సైన్స్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట పీహెచ్‌డీ చదువు ఇంగ్లీషులోనే సాగుతుంది. ఆ ఇన్‌స్టిట్యూట్‌ని మొదట నడిపింది కూడా ఈ సంస్థే.

ప్రశ్న: ఆకాశాన్ని చూడాలంటే కొండ మీదికి ఎక్కుతారు. సూర్యుణ్ణి చూడటానికి కొండ కిందికి దిగడమేమిటి? ఎంత చదివినా నాకు అర్థం కాలేదు. – ఇంటర్ విద్యార్థిని

జవాబు: ముందు మీ అరచెయ్యి ఇలా చాపి పట్టుకోండి. ఆకాశం నుంచి పడే మ్యూవాన్ అనే కణం సుమారు సెకనుకొకటి చొప్పున దాని గుండా దూసుకుపోతోంది, మీకు తెలియదంతే. సున్నితమైన యంత్రం ఏదైనా బయట పెడితే అది పొద్దస్తమానం ఈ కణాలనే లెక్కపెడుతూ కూర్చుంటుంది. సంతలో నిలబడి చేతి గడియారం టిక్కుటిక్కు వినడానికి ప్రయత్నించడం లాంటిది అది. గ్రాన్ సాసోలో ల్యాబు నెత్తిన 1400 మీటర్ల రాయి ఉంది. బయట పడే మ్యూవాన్లలో పది లక్షలకు ఒకటి మాత్రమే అక్కడికి చేరుతుంది.

మరి సూర్యుడి నుంచి వచ్చేదీ ఆగిపోవాలి కదా అంటారు. ఆగదు. సూర్యుడి లోపల కేంద్రకాలు కలిసినప్పుడు వెలుగుతో పాటు న్యూట్రినోలు పుడతాయి, వాటికి కొండ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. మీ గోరంత చోటులోంచి సెకనుకు ఆరు వేల కోట్లకు పైగా పోతున్నాయి, రాత్రిపూట కూడా, భూమి అవతలి వైపు నుంచి దూరి వచ్చి మరీ. ఏ అడ్డునీ లెక్కచెయ్యని కణాన్ని పట్టుకోవాలంటే మిగతావన్నీ ఆగిపోయే చోటికి వెళ్ళాలి. ల్యాబుని కొండ కింద పెట్టింది అందుకే.

అక్కడ బోరెక్సినో అనే ప్రయోగం 2007 నుంచి 2021 దాకా నడిచింది. పలచని నైలాన్ బుడగలో దాదాపు 300 టన్నుల ద్రవం. న్యూట్రినో ఎప్పుడో ఒకసారి ఎలక్ట్రాన్‌ని తాకితే ఆ ద్రవంలో చిన్న మెరుపు పుడుతుంది, చుట్టూ ఉన్న రెండు వేలకు పైగా కాంతి గ్రాహకాలు దాన్ని చూస్తాయి. సూర్యుడి శక్తిలో సుమారు ఒక్క శాతం కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్‌ల సాయంతో పుడుతుందని 1930ల చివర్లోనే బేతే, వైజ్‌సాకర్ అనే భౌతిక శాస్త్రవేత్తలు చెప్పారు, కానీ దానికి నేరుగా రుజువు లేదు. ఆ చక్రం నుంచి వచ్చే న్యూట్రినోలను బోరెక్సినో పట్టుకుని 2020లో ప్రకటించింది. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, చివరిదాకా వాళ్ళకు అడ్డుపడ్డది నైలాన్ మీద అంటుకున్న కాస్తంత పొలోనియం అనే రేడియోధార్మిక మూలకం. ద్రవంలో ఒక మూల కొంచెం వేడెక్కినా అది కదిలి, పొలోనియాన్ని మధ్యలోకి మోసుకొస్తుంది, అచ్చం న్యూట్రినో మెరుపుల్లా ఉండేవి ద్రవంలోని బిస్మత్-210 మెరుపులు, అవెన్నో తేల్చాలంటే బిస్మత్ మారి పుట్టే పొలోనియాన్ని లెక్కపెట్టాలి, నైలాన్ నుంచి కొట్టుకొచ్చిన పొలోనియం కలిస్తే ఆ లెక్క తప్పుతుంది. దాంతో మొత్తం ట్యాంకుకి వేడి దూరకుండా మందపాటి దుప్పటి చుట్టేశారు. ద్రవం కదలకుండా నిలబడేదాకా ఓపిక పట్టారు, ఆ తర్వాతే కొలిచారు.

ప్రశ్న: రెండు వేల ఏళ్ళనాటి రోమన్ సీసాన్ని కరిగించి యంత్రానికి వాడారని రాశారు. చరిత్రను కరిగించే హక్కు సైన్సుకి ఎవరిచ్చారు? చదివి నిజంగా బాధపడ్డాను. – చరిత్ర అధ్యాపకుడు

జవాబు: మాస్టారూ, మీ బాధ న్యాయమైనదే. దీని మీద పురావస్తు శాస్త్రవేత్తలు కూడా గట్టిగా వాదించుకున్నారు. జరిగింది చెబుతాను.

క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో సార్డీనియా తీరంలో ఒక ఓడ మునిగింది, దాని నిండా సీసం దిమ్మలు, సుమారు వెయ్యి. ఒక్కొక్కటి 33 కిలోలు. 1980ల చివర్లో ఆ ఓడ బయటపడింది. వాటిని పైకి తీయించడానికి డబ్బు కావలసి వస్తే ఈ అణుభౌతిక సంస్థ కొంత ఇచ్చింది, బదులుగా కొన్ని దిమ్మలు తీసుకునేలా ఒప్పందం. 2010లో కాల్యారి మ్యూజియం నుంచి 120 దిమ్మలు గ్రాన్ సాసోకి వచ్చాయి. బాగా పాడైనవాటినే ఎంచుకున్నారు. దిమ్మ మీద చేసినవాళ్ళ పేరు పోతపోసి ఉంటుంది, ఆ భాగాన్ని కోసి భద్రపరచమని మ్యూజియంకి తిరిగి ఇచ్చేశారు. కరిగించింది మిగిలిన ముద్దని.

కొత్త సీసం ఎందుకు పనికిరాదు? గనిలో సీసంతో పాటు యురేనియం ఉంటుంది. శుద్ధి చేసినప్పుడు యురేనియం పోతుంది, కానీ దాని నుంచి పుట్టిన సీసం-210 మాత్రం పోదు, ఎందుకంటే అదీ సీసమే, రసాయనాలకు రెండింటికీ తేడా తెలియదు. దాన్ని వదిలించగలిగేది కాలం ఒక్కటే. 22 ఏళ్ళకు అది సగమవుతుంది, మరో 22 ఏళ్ళకు అందులో సగం. రెండు వేల ఏళ్ళంటే అలా తొంభై సార్లు సగమవడం, ఇక మిగిలేదేమీ ఉండదు. అంత నిర్మలమైన సీసాన్ని ఈ రోజు ఏ కర్మాగారమూ తయారు చెయ్యలేదు.

ఆ సీసం క్యువోరే అనే ప్రయోగానికి కవచమైంది. 988 టెల్యూరియం ఆక్సైడ్ స్ఫటికాలను పరమశూన్య ఉష్ణోగ్రత కన్నా డిగ్రీలో వందో వంతు మాత్రమే పైన ఉంచి, వాటిలో ఒక అరుదైన క్షయం, అంటే కేంద్రకం దానంతటదే ఇంకొకటిగా మారడం, జరుగుతుందేమో అని కాచుకుని ఉన్నారు. జరిగితే న్యూట్రినో తనకు తానే ప్రతికణం (విద్యుదావేశం లాంటి గుణాలు తిరగబడిన జంట కణం) అని తేలుతుంది. ఆ ఊహ ఇటలీ భౌతిక శాస్త్రవేత్త ఎత్తోరె మయొరానాది, 1937 నాటిది. మరుసటి ఏడాదే ఆయన కనిపించకుండా పోయారు. ఆ క్షయం ఇంతవరకు ఎవరికీ కనపడలేదు.

కరిగించకుండా ఉండి ఉంటే బాగుండేదని మీరు ఇంకా అనుకోవచ్చు. నేను మాత్రం, ఆ డబ్బు లేకపోతే ఆ దిమ్మల్లో ఎన్ని పైకి వచ్చేవి అని ఆలోచిస్తాను. పేర్లున్న ముక్కలు మిగలడం నాకు ఊరట.

ప్రశ్న: 2011లో న్యూట్రినోలు వెలుగు కన్నా వేగంగా వెళ్ళాయని ప్రకటించి, తర్వాత "వైరు వదులైంది" అన్నారు. ఇంత పెద్ద సంస్థకి సిగ్గుచేటు కాదా? మధ్యలో 730 కిలోమీటర్ల సొరంగం తవ్వారట, నిజమేనా? – ఇద్దరు పాఠకులు

జవాబు: సొరంగం లేదు. జెనీవా దగ్గరున్న సెర్న్ అనే యూరప్ కణభౌతిక ప్రయోగశాల నుంచి గ్రాన్ సాసోకి న్యూట్రినోలను నేరుగా నేలలోంచే పంపారు. రాయి వాటికి అడ్డు కాదని పైన చెప్పుకున్నాం కదా. అప్పటి ఇటలీ విద్యామంత్రి కార్యాలయం తన ప్రకటనలో సొరంగం అని రాయడంతో ఆ మాట అలా పాకిపోయింది.

ఇక అసలు కథ. ఒపేరా అనే ప్రయోగం లెక్క ప్రకారం న్యూట్రినోలు వెలుగు కన్నా సుమారు 60 నానోసెకన్లు ముందే చేరాయి. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు. నెలల తరబడి తప్పు ఎక్కడుందో వెతికారు, దొరకలేదు. 2011 సెప్టెంబరులో ఫలితాన్ని అందరి ముందూ పెట్టారు, తప్పుంటే మీరూ వెతకండి అని అడిగారు. చాలామందికి నమ్మకం కుదరలేదు, దానికి మంచి కారణమే ఉంది: 1987లో పక్క గెలాక్సీలో ఒక నక్షత్రం పేలినప్పుడు న్యూట్రినోలు వెలుగుకి కొన్ని గంటల ముందు మాత్రమే వచ్చాయి, ఒపేరా లెక్కే నిజమైతే అవి ఏకంగా నాలుగేళ్ళు ముందు రావాలి. చివరికి జీపీఎస్ నుంచి ల్యాబు గడియారానికి వచ్చే ఆప్టికల్ ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించలేదని తేలింది. గడియారంలో ఇంకో చిన్న తేడా కూడా ఉంది. 2012లో అదే కొండ కింద ఉన్న మిగతా ప్రయోగాలు, ఇకారస్, బోరెక్సినో, ఎల్‌వీడీ, విడివిడిగా కొలిచి న్యూట్రినోలు వెలుగు వేగాన్ని దాటలేదని చెప్పాయి. ఈ లోపే ఒపేరా నాయకులిద్దరు పదవులు వదులుకున్నారు.

కేబుల్ వదులుగా ఉండటం తప్పే. అంత పెద్ద మాట చెప్పేముందు ప్రతి కనెక్షనూ ఇంకోసారి విప్పి చూసుకోవాల్సింది, దాన్ని నేను వెనకేసుకురాను. కానీ సిగ్గుచేటు అనే మాటకు మాత్రం ఒప్పుకోను. తప్పు పట్టుకున్నది బయటివాళ్ళు కాదు, వాళ్ళే. పట్టుకున్నాక దాచలేదు. నాకు బాధ కలిగించేది ఇంకొకటి. ఒపేరా అసలు కట్టింది వేగం కొలవడానికి కాదు, ఒక రకం న్యూట్రినో దారిలో ఇంకో రకంగా మారుతుందా అని చూడటానికి. సెర్న్‌లో మ్యూవాన్ న్యూట్రినోగా బయల్దేరినది గ్రాన్ సాసోలో టౌ న్యూట్రినోగా దిగడాన్ని వాళ్ళు కళ్ళారా చూశారు, 2018 నాటికి అలాంటివి పది లెక్కతేలాయి. ఆ పని అద్భుతంగా నెరవేరింది, కానీ దాని గురించి అడుగుతూ నాకు ఒక్క ఉత్తరం కూడా రాలేదు.

ప్రశ్న: ఆ కొండలోంచి ఊళ్ళకి తాగునీళ్ళు వస్తాయని విన్నాను. అక్కడ రసాయనాలు పెట్టడం సరైనదేనా? – పర్యావరణ కార్యకర్త

జవాబు: విన్నది నిజమే. గ్రాన్ సాసో కొండ కడుపులో పెద్ద జలాశయం ఉంది. సుమారు ఏడు లక్షల మంది ఆ నీళ్ళు తాగుతారు. మోటారు వాహనాల సొరంగమూ, దాన్ని ఆనుకుని ల్యాబూ ఆ జలరాశి మధ్యనే కట్టారు. 2002 ఆగస్టులో బోరెక్సినో దగ్గర సుమారు 50 లీటర్ల సూడోక్యుమీన్ అనే ద్రవం కారి, కాలువల్లోంచి బయటి వాగులోకి చేరింది. స్థానికులు భగ్గుమన్నారు. ఆ హాలు మూతపడింది, ప్రయోగం ఏళ్ళ తరబడి వెనకబడింది, నేల అంతా నీళ్ళు ఇంకకుండా మళ్ళీ పని చేయించాల్సి వచ్చింది.

ఆ రోజు కోప్పడినవాళ్ళు సైన్సుకి వ్యతిరేకులని కొందరు రాశారు. నేనలా అనుకోను. నా కుళాయిలోకి వచ్చే నీళ్ళ పైన ఎవరైనా టన్నుల కొద్దీ ద్రవం నిల్వ పెడితే నేనూ అడుగుతాను. 1400 మీటర్ల రాయి దొరికిందని ల్యాబు అక్కడ పెట్టుకున్నారు, ఆ రాయిలోనే నీళ్ళూ ఉన్నాయి, రెండో సంగతికి మొదట్లో ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదు. ఇప్పుడు అక్కడ ఏ కొత్త ప్రయోగం పెట్టాలన్నా ఈ విషయం ముందు తేల్చాల్సిందే.

ప్రశ్న: ఈ సంస్థని పెట్టింది ఎన్రికో ఫెర్మీయేనా?

జవాబు: కాదు. భార్య యూదు కావడంతో, ఇటలీలో యూదులకు వ్యతిరేకంగా జాతి చట్టాలు వచ్చాక 1938లో నోబెల్ అందుకోవడానికి వెళ్ళి అటునుంచటే అమెరికా చేరారు. యుద్ధకాలంలో రోమ్‌లో మిగిలిపోయి, ఫెర్మీ నాటిన విత్తనం ఎండిపోకుండా చూసినవాళ్ళలో ఎదొవార్దో అమాల్ది ముఖ్యులు. సంస్థ పుట్టింది ఆ తర్వాతే.

ప్రశ్న: కణాలను ఎదురెదురుగా ఢీకొట్టించే యంత్రం అనగానే సెర్న్ పేరే చెబుతారు. అది మొదట ఎక్కడ మొదలైంది? – బీఎస్సీ విద్యార్థి

జవాబు: ఎలక్ట్రాన్‌నీ దాని ప్రతికణం పాజిట్రాన్‌నీ ఒకే ఉంగరంలో ఎదురెదురుగా తిప్పే యంత్రం మొదట ఫ్రస్కాటిలో పుట్టింది. దాని వెనకున్న మనిషి బ్రూనో టూషెక్ గురించి కాస్త చెప్పాలి, ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనపడదు. పుట్టింది 1921లో వియన్నాలో, తల్లి యూదు. 1945లో నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో పట్టుకుంది. ఖైదీలను హాంబర్గ్ నుంచి కీల్‌కి నడిపిస్తుంటే జబ్బుతో దారిలో పడిపోయారు, కాపలావాడు కాల్చి, చనిపోయాడనుకుని వదిలేసి వెళ్ళాడు. బతికి బయటపడ్డ ఆ మనిషి తర్వాత రోమ్ చేరారు.

1960 మార్చి 7న ఫ్రస్కాటిలో ఒక ఉపన్యాసం ఇచ్చారు. అప్పటిదాకా కణాలను నిలబడి ఉన్న లక్ష్యం మీదికి కొట్టేవారు, అలా కొడితే శక్తిలో చాలా భాగం ముందుకు తోయడానికే పోతుంది. ఎదురెదురుగా వస్తే మొత్తం శక్తీ ఢీకొట్టడానికే పనికొస్తుంది. ఎలక్ట్రాన్, పాజిట్రాన్‌ల విద్యుదావేశాలు వ్యతిరేకం కాబట్టి రెండింటినీ తిప్పడానికి ఒకే అయస్కాంతం చాలు. ఈ మాట చెప్పిన ఏడాది లోపే, 1961 ఫిబ్రవరికి, ఆడా అనే ఉంగరం నడిచింది. చుట్టుకొలత నాలుగు మీటర్లు, అంతే. తర్వాతి ఏడాది దాన్ని ఫ్రాన్స్‌లోని ఓర్సేకి లారీలో తీసుకెళ్ళారు, లోపలి శూన్యం పోకుండా పంపులను దారి పొడుగునా బ్యాటరీల మీద నడుపుతూ. ఢీకొన్న ఆనవాళ్ళు దొరికింది అక్కడే. ఈనాటి సెర్న్ ఉంగరం 27 కిలోమీటర్లు. ఆడా ఇప్పటికీ ఫ్రస్కాటి ఆవరణలో ఉంది.

ప్రశ్న: ఇదంతా సరే, మామూలు మనిషికి దీనివల్ల ఏం ఒరుగుతుంది? – చాలామంది

జవాబు: కటానియాలో 2002లో కంటిలో వచ్చే క్యాన్సర్‌కి ప్రోటాన్లతో చికిత్స మొదలుపెట్టారు, భౌతికశాస్త్రం కోసం కట్టిన యంత్రంతోనే. ఎక్స్‌రే అయితే దారి పొడుగునా శక్తి వదిలేసుకుంటూ అవతలికి పోతుంది. ప్రోటాన్ అలా కాదు, తన శక్తిలో ఎక్కువ భాగం సరిగ్గా ఆగిపోయే చోట వదులుతుంది. అక్కడి ప్రోటాన్లు శరీరంలోకి మూడు సెంటీమీటర్లు వెళ్ళి ఆగిపోతాయి, కంటికి అంతే కావాలి. కణితి వెనకున్న నరాన్ని వీలైనంత కాపాడుతూ, కన్నునే తీసేయాల్సిన అవసరం రాకుండా చూడొచ్చు.

ఇంకొకటి, ఫ్లోరెన్స్‌లోని ల్యాబులో పాత వస్తువుల వయసు తేలుస్తారు. సెయింట్ ఫ్రాన్సిస్ వేసుకున్నదని చెప్పే అంగీలు రెండు చర్చిల్లో ఉన్నాయి. చిన్న దారప్పోగులు తీసి కార్బన్-14 లెక్క చూస్తే, ఫ్లోరెన్స్‌లోది ఆయన పోయిన చాలా ఏళ్ళకు నేసినదని, కొర్తోనాలోది ఆయన కాలానిదేనని తేలింది. తేలిన సంగతిని చర్చి పెద్దలకు ఉన్నదున్నట్టు చెప్పారు.

ప్రశ్న: డార్క్ మేటర్ కోసం ఇన్నేళ్ళు వెతికి ఏమీ దొరకలేదు. ఇంకా డబ్బు పెట్టాలా?

జవాబు: పెట్టాలి. డార్క్ మేటర్ అంటే వెలుగుకి కనపడకుండా, గురుత్వాకర్షణతోనే తన జాడ తెలిపే పదార్థం. గ్రాన్ సాసోలో డామా అనే బృందం ఏడాదికోసారి పెరిగి తగ్గే సంకేతం కనపడుతోందని చాలా కాలంగా చెబుతోంది. అక్కడే ఉన్న క్సెనాన్ ప్రయోగానికి అలాంటిదేమీ కనపడలేదు. బయట అదే రకం స్ఫటికాలతో చేసినవాళ్ళకూ కనపడలేదు. కాబట్టి డామా చూసింది డార్క్ మేటర్ కాదనే నేననుకుంటున్నాను. కానీ వెతుకులాటలో దొరికినవి చూడండి. క్సెనాన్ బృందం 2019లో క్సెనాన్-124 క్షయాన్ని పట్టుకుంది, అది సగమవడానికి పట్టే కాలం విశ్వం వయసుకి లక్ష కోట్ల రెట్లు. అంత నెమ్మదైన సంఘటన కంటపడిందంటే ఆ ట్యాంకు ఎంత నిర్మలంగా ఉందో ఆలోచించండి. రేపు డార్క్ మేటర్ కణం ఒక్కసారి తగిలినా గుర్తుపట్టాలంటే అంత నిర్మలత్వమూ కావాలి.

ప్రశ్న: గ్రాన్ సాసో ల్యాబు మామూలు మనుషులు చూడొచ్చా? మా అమ్మాయి అక్కడికి దగ్గర్లోనే చదువుతోంది.

జవాబు: చూడొచ్చు. ముందే రాసి తేదీ ఖాయం చేసుకోవాలి, వాళ్ళే మనిషిని ఇచ్చి తిప్పి చూపిస్తారు. దారి మోటారు సొరంగంలోంచే, బయటనుంచి చూస్తే ఒక మలుపులా ఉంటుందంతే. హాళ్ళు ఒక్కొక్కటి వంద మీటర్ల పొడుగు. స్వెట్టర్ తీసుకెళ్ళమనండి, లోపల చలి.